మా ఈబుక్ పైరసీ కాపీలు ఆగట్లేదు, ఏం చేయాలి?

మాది చిన్న ప్రచురణ సంస్థ, ఉన్నది ఇద్దరమే. కొత్త ఈబుక్ వారం తిరక్కుండానే పీడీఎఫ్‌గా గ్రూపుల్లో తిరుగుతోంది. డీఎంసీఏ (అమెరికా కాపీరైట్ చట్టం) కింద లింకు తీసేయమని నోటీసు పంపితే ఒక లింకు తీసేశారు, మర్నాటికి మరో రెండు పుట్టుకొచ్చాయి, రోజూ వీటి వెంటే పడితే అసలు పుస్తకాల పని ఎప్పుడు చేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది. డీఆర్ఎం (కాపీ చేయకుండా ఫైలుకు వేసే డిజిటల్ తాళం) పెడదామంటే, దొంగ కాపీలు చేసేవాళ్లు దాన్ని ఎలాగూ తీసేస్తారు, డబ్బు పెట్టి కొన్న పాఠకుడికే ఒక్కోసారి పుస్తకం ఇంకో పరికరంలో తెరుచుకోదు. అమెరికాలోని సైన్స్ ఫిక్షన్ ప్రచురణ సంస్థ టోర్ బుక్స్ 2012లోనే డీఆర్ఎంను వదిలేసింది కదా. అందుకే కొన్నవాళ్ల పేరు ప్రతి కాపీలో చేర్చే వాటర్‌మార్క్ వైపు మొగ్గుతున్నాను. అది వాడినవాళ్లు ఎవరైనా ఉన్నారా? కాపీలు నిజంగా తగ్గాయా, పాఠకులు నొచ్చుకున్నారా? రచయితకు ఏదో ఒకటి చెప్పాలి, దయచేసి మీ అనుభవం రాయండి.