వానాకాలంలో గిటార్ తీగలు ఎత్తయ్యాయి: ఇంట్లో సరిచేసుకోవచ్చా?

ప్రశ్న (నల్లకుంట నుంచి)

నమస్కారం. మూడేళ్ల కిందట కొన్న ఉక్కు తీగల అకూస్టిక్ గిటార్ మీద మా అమ్మాయి సాధన చేస్తోంది. ఈ వానలు మొదలైనప్పటి నుంచి తీగలు బాగా ఎత్తుగా అనిపిస్తున్నాయి. ఎఫ్ కార్డు (కొన్ని స్వరాలు కలిపి మోగించే పట్టు) పట్టుకుంటే ఒకటి రెండు తీగలు పలకడం లేదు, వేలికొసలు కందిపోతున్నాయి. ఒక దుకాణంలో చూపిస్తే అక్కడివారు ఏమీ కొలవకుండానే మెడలోపల ఉండే ట్రస్ రాడ్ అనే లోహపు కడ్డీని అర చుట్టు బిగించి ఇచ్చారు. ఇప్పుడు మొదటి మూడు ఫ్రెట్ల (మెడ మీది అడ్డ లోహపు గీతల) దగ్గర తీగలు బర్రుమంటున్నాయి, పై ఫ్రెట్ల దగ్గర ఎత్తు మాత్రం పెద్దగా తగ్గలేదు. ఇంట్లోనే సరిచేసుకునే మార్గం ఉంటే తెలియజేయగలరు.

జవాబు (మల్కాజిగిరి నుంచి)

ట్రస్ రాడ్ ఉన్నది మెడ వంపును సరిచేయడానికే తప్ప తీగల ఎత్తును దించడానికి కాదండీ. దాన్ని బిగిస్తే ఎత్తు కాస్త తగ్గినట్లు కనిపించేది మెడ నిటారు కావడం వల్లనే. అవసరానికి మించి బిగిస్తే మీకు జరిగినట్లే మొదటి ఫ్రెట్లకు తీగ తగులుతుంది. ఎత్తు నట్ (మెడ పైకొసన తీగలు ఆనే గాళ్ల పట్టీ), మెడ వంపు, శాడిల్ (పైపలక మీద అతికించిన బ్రిడ్జ్ అనే చెక్కలో తీగలు ఆనే పట్టీ) అనే మూడు చోట్ల నుంచి రావచ్చు కాబట్టి, అది ఎక్కడి నుంచి వస్తోందో తేల్చకుండా దేన్నీ ముట్టుకోవద్దు.

ముందు గిటార్‌ను శ్రుతి చేయండి. ఆరు తీగలూ కలిసి సుమారు 70 కిలోల బలంతో మెడను లాగుతుంటాయి కనుక, తీగలు వదులుగా ఉన్నప్పుడు తీసిన కొలత పనికిరాదు. తర్వాత ఆరో తీగను (అన్నిటికంటే లావుదాన్ని) మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, 14వ ఫ్రెట్ దగ్గర మరో చేత్తో నొక్కిపట్టి, 7వ ఫ్రెట్ దగ్గర తీగ కింద ఎంత సందుందో ఎవరిచేతనైనా చూపించండి. దీనికి ఫీలర్ గేజ్ (సన్నని సందులు కొలిచే రేకుల పరికరం) కొననక్కర్లేదు, అది రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికినా సరే. 12 నంబరు సెట్టులోని పాత ఒకటో తీగ (అన్నిటికంటే సన్ననిది) ముక్క దాదాపు 0.3 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, అది కొద్దిగా తగులుతూ దూరితే వంపు సరిపోయినట్లే.

నట్ కోసం ప్రతి తీగనూ 3వ ఫ్రెట్ దగ్గర నొక్కి, మొదటి ఫ్రెట్ పైన వెంట్రుకవాసి సందు మిగిలిందేమో చూడండి. చివరిగా 12వ ఫ్రెట్ పైభాగం నుంచి తీగ అడుగు వరకు ఎత్తు కొలవండి. మనం వాడే స్కేళ్లలో చాలావాటికి సున్నా గీత అంచు నుంచి కాస్త లోపలికి ఉంటుంది. అంచు నుంచే సున్నా మొదలయ్యే స్టీలు స్కేలు తీసుకోకపోతే కొలత మొత్తం తప్పుతుంది. బ్రిడ్జ్ వెనుక అంచు కింద పలుచని కాగితం దూరుతుందేమో కూడా చూడండి. దూరితే జిగురు వదిలిందని అర్థం, అప్పుడు మాత్రం ఇంటి వైద్యం వద్దు.

ప్రశ్న అడిగినవారు

తీగ ముక్క అసలు దూరలేదు. నట్ దగ్గర మీరు చెప్పినంతే సందు ఉంది. కాగితం ఎక్కడా దూరలేదు. 12వ ఫ్రెట్ దగ్గర ఆరో తీగ 3.4, ఒకటో తీగ 2.6 మిల్లీమీటర్లు వచ్చాయి. శాడిల్ బ్రిడ్జ్ పైకి సుమారు 5 మిల్లీమీటర్లు కనిపిస్తోంది.

జవాబు (మల్కాజిగిరి నుంచి)

అయితే దుకాణంలో బిగించినదాన్ని ముందు వెనక్కి తిప్పాలి. సరిపడే అలెన్ కీతో, గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో, ఒక్కోసారి పావు చుట్టు మాత్రమే వదులు చేసి, మళ్లీ శ్రుతి చేసి, తీగ ముక్కతో చూసుకోండి. వంపు కుదిరాక 12వ ఫ్రెట్ దగ్గర కొలత స్వల్పంగా పెరుగుతుంది, కంగారు పడవద్దు.

ఆ పైన పని అంతా శాడిల్‌దే. శాడిల్‌ను ఎంత అరగదీస్తే 12వ ఫ్రెట్ దగ్గర తీగ అందులో సగమే దిగుతుంది, ఎందుకంటే ఆ ఫ్రెట్ తీగ పొడవుకు సరిగ్గా మధ్యన ఉంటుంది. చాలామంది ఆరో తీగకు 2.4, ఒకటో తీగకు 1.8 దగ్గర ఆగుతారు, కానీ నేను మిమ్మల్ని అక్కడిదాకా వెళ్లమనను. మన ఊళ్లో ఆగస్టు తేమకు గిటార్ పైపలక ఉబ్బి తీగలు లేస్తాయి, ఏప్రిల్ పొడి వేడికి అదే పలక కుంగి తీగలు దిగుతాయి. వానాకాలంలో చివరికంటా దించినవారు ఎండాకాలంలో కొత్త శాడిల్ కోసం తిరగడం చూస్తూనే ఉన్నాను. 2.7, 2.1 దగ్గర ఆపండి.

తీగలు వదులు చేసి, వాటి కొసలను బ్రిడ్జ్‌లో పట్టి ఉంచే పిన్నులు తీసి, శాడిల్‌ను పైకి లాగండి. పైఅంచున ఉన్న వంపును ముట్టుకోకుండా అడుగునే అరగదీయాలి. తీసేయవలసిన మేర పెన్సిల్‌తో గీత గీసి, సమతలంగా ఉన్న గాజు పలకకు 120 నంబరు శాండ్‌పేపరు అంటించి, శాడిల్‌ను నిలువుగా పట్టుకుని ఒకే దిశలో నడపండి. గీత దగ్గరపడగానే 220కి మారండి. చెక్క దిమ్మకు ఆనించి పట్టుకుంటే అడుగు పక్కకు ఒరగదు. ఎముకతో చేసిన శాడిల్ అయితే ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మంచిది, ఆ పొడి వాసనా భరించలేరు. సగం పని కాగానే ఒకసారి బిగించి కొలవండి, అరిగినది తిరిగి రాదు కదా.

మరొకరు (సికింద్రాబాద్ నుంచి)

పికప్ (తీగల ధ్వనిని యాంప్‌కు, అంటే శబ్దాన్ని పెంచే పెట్టెకు, పంపే పరికరం) ఉన్న గిటార్ అయితే ఒక మాట. శాడిల్ అడుగు కొంచెం ఎగుడుదిగుడుగా ఉన్నా, దాని కింద ఉండే పికప్ పట్టీకి ఒత్తిడి సమానంగా అందక, యాంప్‌లో ఒక తీగ గట్టిగా, మరొకటి నీరసంగా వినిపిస్తుంది. నా మటుకు నేను పాత శాడిల్‌ను భద్రంగా దాచి, కొత్తదాన్నే అరగదీస్తాను. పని చెడితే పాతది పెట్టుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు

మా గిటార్‌కు పికప్ లేదండీ, అయినా కొత్త శాడిల్ తెచ్చే అరగదీశాను. రాడ్‌ను రెండుసార్లు పావు చుట్టు వదులు చేయగానే బర్రుమనడం పోయింది. రెండు సాయంత్రాలు పట్టింది. ఆరో తీగ 2.7 వచ్చింది, ఒకటో తీగ వైపు చేయి కాస్త ఎక్కువ పడి 2.0కి దిగింది, కానీ ఎక్కడా మోత లేదు. అమ్మాయి ఎఫ్ కార్డు పట్టుకుంటే ఆరు తీగలూ పలుకుతున్నాయి. ఏప్రిల్‌లో మళ్లీ కొలిచి ఇక్కడే రాస్తాను.