దర్వాజకే మంచి టేకు దొరకట్లేదు, కట్టె ఇళ్ల మీద పరిశోధన ఎవరి కోసం?

హన్మకొండ_ఎంటెక్: నా ప్రాజెక్టుకు కట్టె నిర్మాణం తీసుకుందామనుకుంటున్నా. నార్వేలో 2019లో మ్యోస్టోర్నెట్ అని 18 అంతస్తుల భవనం కట్టారు, ఎత్తు 85.4 మీటర్లు. స్తంభాలూ దూలాలూ గ్లూలామ్, అంటే పలకలను జిగురుతో పొరలుగా అంటించి చేసిన కట్టె. అమెరికాలోని మిల్వాకీలో 2022లో 25 అంతస్తులది లేచింది. మన దేశంలోనూ ప్రభుత్వ కట్టడాల్లో కట్టె వద్దని కేంద్ర ప్రజాపనుల శాఖ (సీపీడబ్ల్యూడీ) 1993లో పెట్టిన నిషేధాన్ని 2020లో ఎత్తేశారు. మరి వరంగల్‌లో రెండంతస్తుల కట్టె ఇల్లు ఎందుకు కట్టకూడదు?

కాజీపేట_కాంట్రాక్టర్: తమ్మీ, ఒక్కటే మాట. చెదలు.

హన్మకొండ_ఎంటెక్: అన్నా, అందరూ ముందు నిప్పు గురించే భయపడతారు. లావు దూలం కాలేటప్పుడు పైన బొగ్గు పొర కట్టి లోపలి కట్టెను కాపాడుతుంది. పైన్, స్ప్రూస్ లాంటివి నిమిషానికి 0.65 మిల్లీమీటర్ల చొప్పున కాలతాయని యూరప్ కోడ్ లెక్క. అరగంటకు దాదాపు 20 మిల్లీమీటర్లు. ఆ మందం ముందే కలిపి డిజైన్ చేస్తారు.

కాజీపేట_కాంట్రాక్టర్: నిప్పు సంగతి నేనడిగానా? చెదలు అన్నాను. నార్వేలో చెదలుంటాయా?

హన్మకొండ_ఎంటెక్: అక్కడ ఉండవు, ఒప్పుకుంటా. కానీ మీరు కాంక్రీటు ఇంటికి కూడా పునాదిలో చెదల మందు కొట్టిస్తారు కదా. ఐఎస్ 6313 అనే భారత ప్రమాణం ఉన్నదే అందుకు. కట్టెకు మందు పట్టించడానికి ఐఎస్ 401 ఉంది.

గూనపెంక: పరకాల దగ్గర మా తాత కట్టిన ఇంట్లో నల్లమద్ది దూలాలు ఇప్పటికీ ఉక్కులా ఉన్నాయి. చెద ముట్టలేదు. పెంకులే మిగల్లేదు, కోతుల పుణ్యమా అని.

కాజీపేట_కాంట్రాక్టర్: అది ఆ కాలపు చేవ కట్టె, అంటే మాను లోపలి గట్టి భాగం. ఇప్పటి సంగతి నన్నడగండి. రెండేళ్ల కింద ఓ ఇంటికి మంచి టేకని చెబితే దర్వాజలు, తలుపులు చేయించా. ఏప్రిల్‌లో బిగించాం, జూన్‌కి తలుపు వంకరపోయి పడటం లేదు. ఓనర్ నలభై వేలు ఆపేశాడు, ఇప్పటికీ ఇవ్వలేదు. అప్పటి నుంచి నా సైట్లలో గ్రానైట్ దర్వాజలే. ఇంకోటి, ఆ నార్వే భవనం పై అంతస్తుల్లో కాంక్రీటు స్లాబులే వేశారు. అది రాయవేం?

హన్మకొండ_ఎంటెక్: కట్టె భవనం తేలిక కాబట్టి గాలికి ఊగకుండా బరువు కోసం వేశారు. దాచలేదన్నా.

వడ్లపని_కాకా: సామిల్ నుంచి తెచ్చిన ఎన్నో రోజున బిగించారు?

కాజీపేట_కాంట్రాక్టర్: నాలుగో రోజు. గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడింది.

వడ్లపని_కాకా: నాలుగు రోజులా! మా నాయన పలకల మధ్య పుల్లలు పెట్టి నీడలో నెలల తరబడి ఆరబెట్టేవాడు. పైగా మీకిచ్చిన దాంట్లో చేవ ఎంత, బయటి తెల్ల చెక్క ఎంత? టేకుకున్న పేరంతా చేవది. తెల్ల చెక్కను చెద వదలదు.

హన్మకొండ_ఎంటెక్: కాకా చెప్పింది కరెక్ట్. కట్టెలో తేమ దాదాపు 30 శాతం కంటే దిగాకే అది కుంచించుకుపోవడం మొదలవుతుంది. పచ్చిది బిగించి మే ఎండకు వదిలితే వంకరపోదా? తేమ మీటర్ జేబులో పట్టేంతే ఉంటుంది.

కాజీపేట_కాంట్రాక్టర్: అంటే తప్పంతా నాదే. బాగుంది! నంబర్లు చెప్పడం తేలిక, ఓనర్ ముందు చేతులు కట్టుకొని నిలబడ్డది నేను.

వడ్లపని_కాకా: మీకు నలభై వేలు పోయాయి. మాకు పనే పోయింది. గ్రానైట్ దర్వాజకు వడ్లాయనతో పనేముంది?

జామాయిల్_ములుగు: మీ గొడవలో నాదొకటి. నాలుగెకరాల్లో జామాయిల్ ఉంది, కాగితానికి టన్నుల లెక్కన పోతుంది. ఇంటికి పనికొస్తుందా రాదా, అది తేల్చండి. పొలం ఒడ్డు మీద ఇరవై ఏళ్లు పెంచిన టేకు కొట్టడానికి అనుమతి, తరలించడానికి పర్మిట్ అంటూ ఎనిమిది నెలలు ఆఫీసు చుట్టూ తిరిగా. నా చెట్టు, నా పట్టా భూమి!

హన్మకొండ_ఎంటెక్: జామాయిల్ పెరిగేటప్పుడే లోపల ఒత్తిడి పడుతుంది సార్, అందుకే కోయగానే చివర్లు పగులుతాయి. కాగితానికని నాలుగేళ్లకే కొట్టే చెట్టులో చేవ కూడా తక్కువ. సన్న పలకలుగా కోసి, ఆరబెట్టి, అంటించి చూడాలని నాకూ ఉంది. మా గైడ్ మాత్రం విదేశీ పైన్ డేటా రెడీగా ఉంది, కంప్యూటర్లో మోడల్ చేసేయ్ అంటున్నారు.

కాజీపేట_కాంట్రాక్టర్: ఇదిగో, దొరికావు! నా బాధ చెదలు కాదు తమ్మీ. ఎక్కడి కట్టె మీదో లెక్క కట్టి పేపర్ నువ్వు వేసుకుంటావు, పగిలితే బిల్లు నా నెత్తిన. మన కట్టె, మన ఎండలో పెట్టి చూపించు. పదేళ్ల పూచీ రాసివ్వు. మొదటి ఇల్లు నేనే కడతా.

వడ్లపని_కాకా: కాంక్రీటుకు పూచీ ఎవరు రాసిచ్చారు? కొత్త స్లాబులు కారట్లేదా?

కాజీపేట_కాంట్రాక్టర్: స్లాబు కారితే ఏం చేయాలో నాకు తెలుసు. దూలం వంగితే ఎవర్ని పిలవాలి?

వడ్లపని_కాకా: నన్ను.

కాజీపేట_కాంట్రాక్టర్: నీ తర్వాత కాకా? మీ అబ్బాయి ఏం చేస్తున్నాడు?

వడ్లపని_కాకా: హైదరాబాద్‌లో మాడ్యులర్ కిచెన్లు బిగిస్తున్నాడు.

హన్మకొండ_ఎంటెక్: జామాయిల్ సార్, రెండు దుంగలు ఇప్పిస్తారా? గైడ్‌తో మాట్లాడతా. ఆరు నెలల టైముంది.

వడ్లపని_కాకా: నెలలన్నీ ఆరబెట్టడానికే పోతాయి బిడ్డా. రేపే తెచ్చుకో.

జామాయిల్_ములుగు: దుంగలిస్తా. ట్రాలీ కిరాయి నీదే.

గూనపెంక: కోతులకేమైనా ఐఎస్ నంబర్ ఉందా?