సూపర్ పవర్ సినిమాల్లో ఆడపిల్లకి పనేంటి? తొమ్మిదో తరగతి వాళ్లకి ఏది చూపించాలి?

ఎంవీపీ టీచర్:

నేను ఎంవీపీ కాలనీ వైపు ఒక స్కూల్లో తెలుగు చెప్తాను. శనివారం మధ్యాహ్నాలు తొమ్మిదో తరగతి పిల్లలకి ఏదో ఒక సినిమా వేసి, దాని గురించి మాట్లాడించి, రాయిస్తుంటాను. ఈ మధ్య ఒక కథ రాయమన్నాను. హుద్‌హుద్ తుఫాను మన వైజాగ్‌ని కొట్టిన రోజు, అంటే 2014 అక్టోబరు 12న, మీ వయసు వాళ్లెవరికైనా శక్తి వచ్చి ఉంటే ఏం జరిగేది? ఇదీ అంశం. అప్పటికి వీళ్లంతా చంటిపిల్లలే, కానీ ఆ గాలి గురించి ఇంట్లో వినని వాళ్లు లేరు.

మగపిల్లలు శక్తి తమకే వచ్చినట్టు రాశారు. ఆడపిల్లల్లో చాలామంది అన్నయ్యకి వచ్చినట్టు రాశారు. పెదజాలరిపేట నుంచి వచ్చే అమ్మాయి ఒకతి ఉంది. చేపని చేత్తో పట్టుకుని బరువు చెప్పేస్తుంది. సముద్రం రంగు చూసి గాలి ఎటు తిరగబోతోందో చెప్తుంది. ఆ పిల్ల కథలో అన్నయ్య బీచ్ రోడ్డు మీద పడిపోయిన చెట్లన్నీ ఒంటిచేత్తో లేపి పక్కన పెడతాడు. "చెల్లి టార్చి పట్టుకుంది" అని ఒక్క వాక్యం ఉంది. ఆ తర్వాత చెల్లి ఇంక కనిపించదు.

పిల్లల్ని అనడానికి లేదు. వాళ్లు చూస్తున్నవే అలా ఉన్నాయి. 2012లో వచ్చిన 'క్రానికల్' తీసుకోండి. సియాటెల్‌లో ముగ్గురు హైస్కూల్ కుర్రాళ్లు ఒక గోతిలోకి దిగుతారు, ముట్టుకోకుండానే వస్తువులు కదిపే శక్తి వస్తుంది. సినిమాగా నాకు ఇష్టమే. శక్తి వచ్చాక కూడా కుర్రాళ్లు కుర్రాళ్లలాగే ఉంటారు. మరి అందులో ఆడవాళ్లు? ఆ ముగ్గురిలో ఒకడైన ఆండ్రూ తల్లి మంచం పట్టి ఉంటుంది, ఆవిడ మందుల కోసం వాడు దొంగతనానికి దిగుతాడు. పార్టీలో ఒకమ్మాయి వాడికి దగ్గరవుతుంది, అది కాస్తా అవమానమై వాడి కోపం ఇంకా పెరుగుతుంది. కేసీ అనే అమ్మాయి చేతిలో కెమెరా ఉంటుంది కాబట్టి ఆండ్రూ లేని చోట సీన్ నడపడానికి పనికొస్తుంది. ఈ ముగ్గురిలో ఒక్కరికైనా ఏం కావాలో మనకి తెలీదు.

అమ్మాయికి పవర్ ఉందా లేదా అన్నది నాకు తర్వాతి సంగతి. ఇలాంటి సినిమాల్లో అందరూ మళ్లీ మళ్లీ చూసేది శక్తి వచ్చిన కొత్తలో అది చేతికి లొంగని భాగం. 2002 'స్పైడర్‌మ్యాన్'లో పీటర్ మేడ మీద నిలబడి దారం విసరడం నేర్చుకుంటాడు, వేలాడుతూ వెళ్లి గోడకి గుద్దుకుంటాడు. క్రానికల్ కుర్రాళ్లు పార్కింగ్‌లో ఎవరిదో కారు జరిపేసి పడీపడీ నవ్వుతారు. తప్పు చేసి, దెబ్బ తగిలి, మళ్లీ ప్రయత్నించే ఆ టైమ్ అంతా మగపిల్లాడిదే. అమ్మాయికి శక్తి ఉన్నా అన్నీ నేర్చేసుకున్న దానిలా వస్తుంది. లేదంటే 1976 'క్యారీ'లోలాగా ఆ శక్తి చూసి జనం హడలిపోవాలి.

పద్నాలుగేళ్ల పిల్లలకి చూపించదగ్గవి, అమ్మాయి పడుతూ లేస్తూ నేర్చుకునేవి, మీకు తెలిస్తే చెప్పండి. ప్రొజెక్టర్ ఉంది. ఒక్కో శనివారం గంటన్నర దొరుకుతుంది.

దొండపర్తి కుర్రాడు:

మేడమ్, నేను ఇంజినీరింగ్ ఫైనల్ ఇయర్. క్రానికల్ విషయంలో మీతో ఒప్పుకోలేను. అది ఆండ్రూ కెమెరాలోంచి చూసే కథ. వాడు ఎవరితోనూ కలవలేని మనిషి, వాడి లోకంలో ఆడవాళ్లు సరిగ్గా కనిపించకపోవడం కూడా వాడి ఒంటరితనంలో భాగమే అనుకుంటా.

ఇంకోటి, పవర్ లేకపోయినా గట్టి పాత్రలు వస్తున్నాయి. 2024 'హనుమాన్'లో వరలక్ష్మి చేసిన అక్క అంజమ్మ లేదా? మలయాళం సూపర్ హీరో సినిమా 'మిన్నల్ మురళి'లో 'బ్రూస్ లీ' బిజీ అనే అమ్మాయి కరాటే నేర్పుతుంది, సొంతంగా ట్రావెల్ ఏజెన్సీ నడుపుతుంది. నాకు హీరో కన్నా ఆవిడే ఎక్కువ గుర్తుంది.

ఎంవీపీ టీచర్:

తమ్ముడూ, ఆండ్రూ ఒంటరితనం గురించి చెప్పింది బాగుంది. కానీ కెమెరా కేసీ చేతిలో కూడా ఉంది కదా. ఆమె కంటితో చూస్తే ఈ కుర్రాళ్లు ఎలా కనిపిస్తారో ఒక్క పది నిమిషాలు చూపించొచ్చు. కెమెరా ఇచ్చి చూపు ఇవ్వకపోవడమే నా బాధ.

బిజీ నాకూ చాలా ఇష్టం. హనుమాన్‌లో మాత్రం శక్తినిచ్చే మణి హీరోకి ఎలా దొరుకుతుందో గుర్తు తెచ్చుకోండి. హీరోయిన్ మీనాక్షిని బందిపోట్ల నుంచి కాపాడబోయి నీళ్లలో పడితే దొరుకుతుంది. ఆమెకి ఆపద వస్తేనే అతనికి శక్తి. అంజమ్మకి ఆ మణి దొరికి ఉంటే ఊళ్లో మొదట ఎవరి పని పట్టేదో చూడాలని నాకు నిజంగా ఉంది.

సీతమ్మధార కామిక్స్:

మీరు చెప్తున్నది సినిమాల కంటే ముందు కామిక్స్‌లోనే మొదలైంది. 1973లో 'అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' 121వ సంచికలో పీటర్ ప్రేమించిన గ్వెన్ స్టేసీని చంపేశారు. 2014 సినిమాలో మళ్లీ అదే చావు. చదువులో పీటర్‌కి తీసిపోని పిల్ల, చివరికి అతను ఏడవడానికి కారణంగా మిగిలింది. ఇలా హీరో బాధపడటం కోసమే చనిపోయిన, శక్తులు పోగొట్టుకున్న ఆడపాత్రల జాబితాని గెయిల్ సిమోన్ 1999లో ఒక వెబ్‌సైట్‌లో పెట్టింది. 'విమెన్ ఇన్ రిఫ్రిజిరేటర్స్' అని దాని పేరు. 1994 నాటి ఒక 'గ్రీన్ లాంటర్న్' సంచికలో హీరో ఇంటికొస్తే అతని గర్ల్‌ఫ్రెండ్ శవం ఫ్రిజ్‌లో ఉంటుంది, ఆ పేరు అక్కడి నుంచే. తర్వాత ఆవిడే కామిక్స్ రచయిత్రిగా పెద్ద పేరు తెచ్చుకుంది.

2018 'స్పైడర్-వర్స్'లో గ్వెన్‌కే పవర్ ఇచ్చారు. చూసి ఎంత సంతోషపడ్డానో. మీ పోస్టు చదివాక గుర్తొచ్చింది, చేతులు గోడకి అతుక్కుపోయి అవస్థలు పడేది, బిల్డింగ్ మీంచి దూకడానికి భయపడేది అంతా అందులో హీరో అయిన కుర్రాడు మైల్స్. గ్వెన్ వచ్చేటప్పటికే అన్నీ వచ్చు.

పూర్ణా మార్కెట్ తాతయ్య:

అమ్మా, నాకు మీ ఇంగ్లీషు సినిమాలు తెలియవు. 1957లో వచ్చిన 'మాయాబజార్' చూపించండి పిల్లలకి. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో ద్వారకలో దిగితే సావిత్రి చేసిన అల్లరి ఇప్పటి ఏ హీరో చేయగలడు? పాడుతూ పాడుతూ మధ్యలో మగగొంతు వచ్చేస్తుంది, అంతలోనే సర్దుకుని సిగ్గుపడుతుంది. శక్తిని దాచుకోలేక అవస్థపడటం అంటే అది.

ఎంవీపీ టీచర్:

తాతయ్యా, నేను ఎన్నిసార్లు చూసినా విసుగు రాని సీన్ చెప్పారు. తప్పకుండా వేస్తాను. వేసి పిల్లల్ని ఒకటి అడుగుతాను. ఆ అల్లరి జరుగుతున్నప్పుడు అసలు శశిరేఖ ఎక్కడుంది? నిద్రలో ఉండగానే మంచంతో సహా ఆకాశంలో తేలి వెళ్లిపోయింది. సావిత్రికి ఆ ఆట దొరికింది, శశిరేఖకి దొరకలేదు. ఆ తేడా మా పిల్లలు పట్టుకుంటారని నా నమ్మకం.

ఉక్కునగరం అమ్మ:

టీచర్ గారూ, నాకు పన్నెండేళ్ల కూతురుంది, అందుకే ఇవన్నీ వెతికి వెతికి చూశాను. మీకు కావాల్సింది 2004 'ది ఇన్‌క్రెడిబుల్స్'లో వయలెట్. కుటుంబం మొత్తానికీ శక్తులున్నాయి కాబట్టి కథ తనొక్కదానిదే కాదు, కానీ మీరు అడిగిన టైమ్ ఆ పిల్లకి ఇచ్చారు. సిగ్గుతో జుట్టు మొహం మీదకి వేసుకుని తిరుగుతుంది. తనకిష్టమైన కుర్రాడు ఇటు తిరిగితే మాయమైపోతుంది. విమానం మీదకి క్షిపణులు వస్తుంటే చుట్టూ కవచం వెయ్యమని తల్లి అరుస్తుంది. పిల్ల కళ్లు మూసుకుని ఎంత ప్రయత్నించినా చేతకాదు. విమానం పేలిపోతుంది, తల్లే తన ఒంటితో పిల్లలిద్దర్నీ కప్పి కాపాడుతుంది.

ఆ రాత్రి గుహలో తల్లి కూతురికి సారీ చెప్తుంది, అంత బరువు నీ మీద వెయ్యకుండా ఉండాల్సింది అని. తల్లి వెళ్లాక వయలెట్ నెగడు ముందు కూర్చుని ఆ మంట చుట్టూ చిన్న కవచం వేసి చూసుకుంటుంది, ఎవరూ చూడకుండా. తర్వాత తమ్ముడి మీదకి తూటాలు వస్తే అదే కవచం పెద్దదిగా వేస్తుంది. సినిమా రెండు గంటలకి కొంచెం తక్కువ. మొదటి శనివారం గుహ దగ్గర ఆపేసి, మిగతా కథ పిల్లల్నే రాయమనండి.

రెండోది 2022 'టర్నింగ్ రెడ్'. టొరంటోలో పదమూడేళ్ల మే మే, కోపమో ఉత్సాహమో ఎక్కువైతే పెద్ద ఎర్ర పాండా అయిపోతుంది. ఫ్రెండ్స్‌తో కలిసి దాన్ని అదుపు చేసుకోవడం నేర్చుకుంటుంది, మళ్లీ అదే పాండాతో ఫొటోలు తీయించి కాన్సర్ట్ టికెట్లకి డబ్బులు పోగేస్తుంది, అమ్మకి అబద్ధాలు చెప్తుంది. తప్పులన్నీ తనవే, వాటి ఫలితమూ తనదే. మీరు చెప్పిన క్యారీలో కథ పిరియడ్స్‌తోనే మొదలవుతుంది, తోటి పిల్లలు ఆమె మీదకి ప్యాడ్లు విసిరి ఏడిపిస్తారు. ఇక్కడ కూతురికి పిరియడ్స్ వచ్చాయనుకుని తల్లే ప్యాడ్లు పట్టుకుని బాత్‌రూమ్ దగ్గరికి పరిగెత్తుతుంది. మీ క్లాసులో మగపిల్లలు నవ్వుతారు. అయినా సరే, ఆ సీన్ మాత్రం దాటించకండి.