జెయింట్ రోబో క్యాసెట్లు 55 అంగుళాల టీవీలో చూడాలంటే?

రీలుబండి:
దూరదర్శన్‌లో వచ్చిన జెయింట్ రోబో (జపాన్ పిల్లల సీరియల్) రికార్డు చేసిన ఈ-180 (మూడు గంటల) వీహెచ్‌ఎస్ క్యాసెట్లు నాలుగు ఉన్నాయి. అమెరికా నుంచి తెప్పించిన స్మాల్ వండర్ (రోబో పిల్ల విక్కీ సీరియల్) డీవీడీలు కూడా ఉన్నాయి. అన్నీ హార్డ్ డిస్కులోకి ఎక్కించి 4కే టీవీలో చూడాలి.

ఒక క్యాసెట్‌ని యూఎస్‌బీ క్యాప్చర్ స్టిక్‌తో (వీసీఆర్ బొమ్మని కంప్యూటర్‌లోకి పంపే పరికరం) ఎక్కించి చూస్తే ఇవీ తేడాలు. రోబో చెయ్యి ఎత్తితే అంచులు దువ్వెన పళ్ళలా చీలుతున్నాయి. రోబోని నడిపే కుర్రాడు జానీ మొహం బూరెలా ఉబ్బింది. పావుగంట దాటాక శబ్దం వెనకబడుతోంది. ఇంకో క్యాసెట్‌ కిటికీలోంచి చూస్తే రీలు అంచున తెల్లటి పొడి కనిపిస్తోంది.

చివరగా, 9,000 ల్యూమెన్ల వెలుగు అంటూ 7 వేలకి ఒక చిన్న ప్రొజెక్టర్ అమ్ముతున్నారు. తీసుకోవచ్చా?

బెల్టుమార్చు:
ఆ తెల్లపొడి క్యాసెట్‌ని దయచేసి వీసీఆర్‌లో పెట్టకండి. అది బూజు. ఒక్కసారి తిరిగిందంటే డ్రమ్ముకి (రీలుని చదివే హెడ్లు ఉండేది ఇందులోనే), రోలర్లకి అంటుకుని తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్‌కీ పాకుతుంది. మన కోస్తా ఉక్కలో గాలాడని అల్మారాలో ఉన్న క్యాసెట్లకి ఇది మామూలే.

ముందు గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి రెండు వారాలు ఉంచండి. తడి బూజుని తుడిస్తే మరకలా పరుచుకుంటుంది, ఎండితే పొడిలా రాలుతుంది. తర్వాత మాస్కు పెట్టుకుని, ఇంటి బయట కూర్చుని విప్పండి. అడుగున 5 స్క్రూలు ఉంటాయి. వెన్ను మీద లేబుల్ అంటించి ఉంటే బ్లేడుతో మధ్యకి కోయాలి, లేకపోతే పై మూత లేవదు. మూత ఎత్తగానే రీలు ఏ రోలర్ పక్కనుంచి వెళ్తోందో ఫోటో తీసుకోండి. ముందు తలుపు దగ్గర సన్నటి స్ప్రింగు ఎగిరిపోతుంది జాగ్రత్త, సోఫా కిందకి వెళ్తే ఇక దొరకదు.

నూలు రాలని గుడ్డని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొద్దిగా తడిపి చుట్ట అంచులు తుడవండి. గుడ్డ చెమ్మగా ఉంటే చాలు, కారకూడదు. పూర్తిగా ఆరాక రీళ్ళు రెండూ వేరే మంచి క్యాసెట్ డొల్లలోకి మార్చేయండి. చుట్ట లోపలి పొరల్లో కూడా బూజు ఉంటే, పనికిరాని పాత వీసీఆర్ ఒకటి దీనికోసమే కేటాయించి, ఈ చివర్నుంచి ఆ చివరికి తిప్పుతూ తుడవాలి.

వీసీఆర్ సంగతి కూడా చూసుకోండి. ఏళ్ళ తరబడి వాడకపోతే లోపలి రబ్బరు బెల్టులు సాగిపోయి, క్యాసెట్ బయటికి తీసేటప్పుడు రీలుని లోపలే వదిలేస్తుంది. రీలు నమిలేయడం అంటే ఇదే. కాబట్టి ముందు పోయినా ఫర్లేదనుకునే క్యాసెట్‌తో పరీక్షించండి. హెడ్డు శుభ్రానికి ఇయర్ బడ్స్ అసలు వద్దు, దూది పోగు హెడ్డు చిప్పుకి తగులుకుంటే చిప్పు విరుగుతుంది. ఆల్కహాల్‌తో తడిపిన మెత్తటి తోలుముక్కని డ్రమ్ముకి ఆనించి కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో డ్రమ్ముని పైనుంచి నెమ్మదిగా తిప్పండి. తోలుముక్క కిందికీ పైకీ కదిలిందా, హెడ్డు పోయినట్టే.

ఫీల్డునంబర్2:
బెల్టుమార్చు గారు చెప్పింది అయ్యాక క్యాప్చర్ సంగతి.

దూరదర్శన్‌ది పాల్ అనే టీవీ సిగ్నల్ పద్ధతి. కాబట్టి స్టిక్ సెట్టింగులో పాల్, 720×576, సెకనుకి 25 ఫ్రేములు ఉండాలి. స్టిక్‌తో వచ్చే సాఫ్ట్‌వేర్ చాలాసార్లు దానంతట అదే 576 గీతల్ని 480కి కుదించేస్తుంది, ఒకసారి కుదించాక ఆ గీతలు మళ్ళీ రావు. అది వదిలేసి వర్చువల్‌డబ్ అనే సాఫ్ట్‌వేర్‌లో హఫ్‌వైయూవీతో (నాణ్యత పోకుండా దాచే పద్ధతి) రికార్డు చేయండి. గంటకి సుమారు 30 జీబీ తింటుంది, ఎన్‌కోడ్ అయ్యాక చెరిపేయొచ్చు. రికార్డింగులో డీఇంటర్‌లేస్ (దువ్వెన పళ్ళు తీసే పని) ఆన్‌లో ఉంటే ఆపేయండి, అది తర్వాత చేద్దాం.

శబ్దం వెనకబడటానికి కారణం: పాత రీలు నుంచి సిగ్నల్ వణుకుతూ వస్తుంది, స్టిక్‌కి అర్థం కాని ఫ్రేముని పారేస్తుంది, ఆడియో మాత్రం సాగిపోతూనే ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో శబ్దాన్ని జరిపితే ఒకచోట కుదిరి ఇంకోచోట తప్పుతుంది. వీసీఆర్‌కీ స్టిక్‌కీ మధ్య పాత పానసోనిక్ డీఎంఆర్-ఈఎస్10 గానీ ఈఎస్15 గానీ డీవీడీ రికార్డర్ పెట్టండి. రికార్డు చేయనక్కర్లేదు, సిగ్నల్ దానిగుండా పోతే చాలు, గీతల వణుకు సర్దుకుంటుంది. కుదిరిందో లేదో చూడ్డానికి పెదాలు చూడకండి. అది జపనీస్ షోకి ఇంగ్లీషు డబ్బింగ్, ఏనాడూ పెదాలు కలవలేదు! రోబో వేళ్ళ నుంచి క్షిపణులు వెళ్ళి పేలే చోట చూడండి.

ఇక దువ్వెన పళ్ళు. పాత టీవీ సిగ్నల్‌లో ఒక్కో ఫ్రేమూ సరి గీతలు, బేసి గీతలు అని రెండు సగాలుగా వస్తుంది, ఆ రెండిటి మధ్య బొమ్మ కదిలితే పళ్ళు కనిపిస్తాయి. మందు వేసేముందు ఒకటి తేల్చుకోవాలి, ఆ షో ఫిల్ము మీద తీశారా, వీడియో టేపు మీద తీశారా? జెయింట్ రోబో 1967-68లో తీసిన 26 ఎపిసోడ్లు, ఫిల్ము, సెకనుకి 24 ఫ్రేములు. స్మాల్ వండర్ 1985-89 నాటిది, స్టూడియోలో వీడియో టేపు. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే ఫిల్ము సీరియల్లా జారుతుంది, లేదా వీడియో తడబడుతూ కదులుతుంది.

డీవీడీలు: అమెరికా డిస్కులు ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ సిగ్నల్ పద్ధతి). ఎంపీవీ ప్లేయర్‌లో డీఇంటర్‌లేస్ ఆపి, కదలిక ఉన్న చోట చుక్క బటన్‌తో ఒక్కో ఫ్రేమూ జరపండి. విక్కీ తల తిప్పినప్పుడు ప్రతి ఫ్రేములోనూ పళ్ళు కనిపిస్తే వీడియో. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో ఫిల్టర్స్ కింద డీఇంటర్‌లేస్‌కి బీడబ్ల్యూడిఫ్, ప్రీసెట్ బాబ్ (ఒక్కో సగాన్నీ పూర్తి ఫ్రేము చేసేది) పెట్టండి, సెకనుకి 60 ఫ్రేములు వస్తాయి. అలా కాకుండా మూడు శుభ్రంగా, రెండు పళ్ళతో, మళ్ళీ మూడు, రెండు అని వస్తే ఫిల్ము. అప్పుడు డీఇంటర్‌లేస్ ఆపి డీటెలిసైన్ (అదనంగా చేర్చిన ఫ్రేములు తీసి ఫిల్ముని మళ్ళీ 24కి తెచ్చేది) పెట్టాలి, ఫ్రేమ్‌రేటు వేరియబుల్ ఉంచాలి.

మీ క్యాసెట్లు: ఒక నిమిషం ముక్క బాబ్‌తో 50 ఫ్రేములకి మార్చి చూడండి. రెండేసి ఫ్రేములు ఒకే భంగిమలో ఉంటే, ఫిల్ముని నేరుగా పాల్‌లోకి ఎక్కించారని. అప్పుడు 25 ఫ్రేములు చాలు. ఒక చెయ్యి మీద ఇంకో చెయ్యి నీడలా కలిసి కనిపిస్తే, ఎన్‌టీఎస్‌సీ నుంచి పాల్‌కి మార్చేటప్పుడే ఫ్రేములు కలిపేశారని. పాలల్లో కలిసిన నీళ్ళు, వేరు చేయలేం. 50కే వదిలేయండి.

ఉబ్బిన మొహానికి హ్యాండ్‌బ్రేక్‌లోనే వెడల్పు 768, ఎత్తు 576 పెట్టండి. పాల్ పిక్సెల్ చదరంగా ఉండదు. ఎన్‌టీఎస్‌సీ డిస్కుకైతే 640×480. అడుగున కొన్ని గీతలు చిందరవందరగా ఉంటాయి, అవి వీసీఆర్ హెడ్లు మారే చోటు. పాత టీవీ చట్రం కింద దాక్కునేవి. నల్లగా కప్పేయండి. హ్యాండ్‌బ్రేక్‌లో నాణ్యత (ఆర్‌ఎఫ్) 18.

తెరవెనక:
టీవీలో మూడే పనులు. మోషన్ స్మూతింగ్ ఆపండి (మధ్యలో లేని ఫ్రేములు కల్పించి కదలికని నున్నగా చేసేది, ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో అంటారు). షార్ప్‌నెస్ తగ్గించండి, సోనీలో మాత్రం 50 అంటేనే తటస్థం. పిక్చర్ సైజు 4:3.

అప్పట్లో బాగుండేది, ఇప్పుడెందుకు మసక అంటే లెక్క ఇదీ. 21 అంగుళాల పాత టీవీలో బొమ్మ ఎత్తు 30 సెంటీమీటర్లు, అందులో 576 గీతలు, అంటే గీతకి అర మిల్లీమీటరు. 55 అంగుళాల టీవీలో 1.2 మిల్లీమీటర్లు. 100 అంగుళాల తెర మీద 2 మిల్లీమీటర్లు దాటుతుంది. ప్రొజెక్టర్ ఎంత గొప్పదైనా క్యాసెట్ బొమ్మ పెద్దదవుతుందే తప్ప మెరుగవదు.

7 వేల ప్రొజెక్టర్ మీద రాసే 9,000 ల్యూమెన్లు నమ్మకండి. ఆన్సీ ల్యూమెన్లు (ప్రామాణిక పద్ధతిలో కొలిచిన వెలుగు) ఎంతో రాశారా చూడండి. అసలు రాయలేదంటే చీకటి గదికే పనికొస్తుందనుకోవాలి. "4కే సపోర్ట్" అన్నా లోపలి ప్యానెల్ 1280×720 కావచ్చు, నేటివ్ రిజల్యూషన్ అనే వరస వెతకండి.

రీలుబండి:
ధన్యవాదాలండీ. బూజు క్యాసెట్ డబ్బాలో పెట్టేశాను. ఇంకొక్కటి: ఏఐ అప్‌స్కేలర్‌తో 4కే చేయమంటున్నారు, చేయనా?

ఫీల్డునంబర్2:
దువ్వెన పళ్ళు పోయాక, ఒక నిమిషం ముక్క మీద మాత్రం చేసి చూడండి. పళ్ళు ఉండగా చేస్తే వాటినే అసలు గీతలనుకుని చెక్కేస్తుంది. రోబో ఫరో తలపాగా చారలు పదునుగా వస్తాయి, బాగుంటుంది. మొహాలు మాత్రం మైనం బొమ్మలవుతాయి. చేసినా 1080 దగ్గర ఆపండి, మిగతాది టీవీయే చూసుకుంటుంది. అసలు ఫైలు చెరపకండి.

తెరవెనక:
ఇంకోటి, బాగా పదును పెడితే రోబో ఎగిరేటప్పుడు తీగలు కూడా తేలతాయి. నాకైతే అదే ఇష్టం.