అప్‌డేట్: క్లాస్ ఏ, ఏబీ, డీ... చివరికి ఏది కొన్నానంటే

పర్లాకిమిడిలో మా పన్నెండు బై పది గదికి, బుక్‌షెల్ఫ్ స్పీకర్లకి ఏ క్లాస్ ఆంప్లిఫయర్ మంచిదని పోయిన నెల అడిగాను కదా. ఎక్కువమంది క్లాస్ ఏ అన్నారు. (క్లాస్ అంటే ఆంప్లిఫయర్‌లో ట్రాన్సిస్టర్లు పనిచేసే పద్ధతి.)

బరంపురంలో తెలిసినాయన ఇంట్లో విన్నాను. ఘంటసాల ఎదురుగా కూర్చుని పాడినట్టే ఉంది, కాదనను. కానీ గంట తిరక్కుండా హీట్‌సింక్ (వేడిని బయటికి వదిలే లోహపు రెక్కలు) మీద చెయ్యి పెట్టలేకపోయాను. పాట ఆపినా అది కరెంటు తాగుతూనే ఉంటుంది, ట్రాన్సిస్టర్లు ఎప్పుడూ పనిలోనే ఉంటాయి మరి. ట్రాన్సిస్టర్లు జంటగా పనిచేసే పుష్‌పుల్ రకంలో కూడా లెక్క ప్రకారం సామర్థ్యం, అంటే తాగిన కరెంటులో స్పీకర్‌కి చేరేది, 50 శాతం దాటదు. "మే నెలలో గదిలో ఇంకో పొయ్యి ఎందుకండీ" అంది మా ఆవిడ.

ట్రాన్సిస్టర్లు స్విచ్‌ల్లా ఆన్-ఆఫ్ అయ్యే క్లాస్ డీ దాదాపు 90 శాతం ఇస్తుంది, ఇన్వర్టర్ మీద హాయిగా నడుస్తుంది. (డీ అంటే డిజిటల్ అనుకునేవాణ్ణి. కాదు, వరసలో తర్వాతి అక్షరం, అంతే.) నా బడ్జెట్‌లో దొరికినవి మాత్రం నా చెవికి నచ్చలేదు.

చివరికి సెకండ్ హ్యాండ్‌లో 40 వాట్ల ఏబీ (ఏ, బీ క్లాసుల మధ్య రకం, ఏ కన్నా వేడి తక్కువ) తీసుకున్నాను. మొదటి రాత్రి ఒకటే గుయ్యిమని హమ్! మోసపోయానని టెన్షన్. ఒక్కో వైరూ పీకుతూ వస్తే, సెట్‌టాప్ బాక్స్ కేబుల్ తీయగానే ఆగింది. గ్రౌండ్ లూప్, అంటే ఎర్త్ రెండు దారుల్లో కలిసి హమ్ రావడం. ఇప్పుడు ఆ వైరు తీసేసే వింటున్నాను, మా అబ్బాయి అలిగాడు.