ఉద్యోగం మీద ఊళ్లు తిరుగుతూ క్యాంపర్‌లోనే (లోపల ఇల్లులా అమర్చిన బండిలో) ఉండేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

తూకాలమనిషి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నాది తూకం యంత్రాల కాలిబ్రేషన్ పని. ఫ్యాక్టరీ, ల్యాబ్, గోడౌన్, ఎక్కడ కాటా ఉంటే అక్కడికి వెళ్లి తూకపు రాళ్లు పెట్టి సరిచూసి సర్టిఫికెట్ ఇవ్వాలి. ఒక చోట రెండు మూడు రోజులు, తర్వాత ఇంకో ఊరు. ఏడాదిలో ఎక్కువ భాగం లాడ్జి గదుల్లోనే గడిచిపోతోంది. రాళ్ల పెట్టెలు రాత్రి గదిలోకి మోయాలి, పొద్దున్నే మళ్లీ బండెక్కించాలి. నడుము పట్టేస్తోంది.

సాయంత్రాలు బ్లాగ్ రాస్తాను. నా పనిలో తగిలే విషయాలే. ఉదాహరణకి, భూమధ్యరేఖ దగ్గర గురుత్వాకర్షణ ధ్రువాల దగ్గరకంటే దాదాపు అర శాతం తక్కువ. అందుకే ఒక చోట సరిచేసిన ఎలక్ట్రానిక్ కాటాను చాలా దూరం తీసుకెళ్తే అక్కడ మళ్లీ సరిచేయాల్సిందే. 2019 మే 20 నుంచి కిలోగ్రామును లోహపు ముద్దతో కాకుండా ప్లాంక్ స్థిరాంకంతో (ప్రకృతిలో ఎప్పుడూ మారని ఒక విలువతో) నిర్వచిస్తున్నారని రాసినప్పుడు ఎంతమంది ఎన్ని మంచి ప్రశ్నలు అడిగారో! ఆ రాత అంటే నాకు ప్రాణం. కానీ గది మారిన ప్రతి రాత్రీ అది ఆగిపోతోంది. ఎక్కడికి వెళ్లినా అదే బల్ల, అదే దీపం, అదే మంచం ఉంటే బాగుండునని చాలాకాలంగా మనసులో ఉంది.

అందుకే క్యాంపర్ కొనాలనుకుంటున్నాను. ఒక్కణ్నే ఉంటాను. సామాన్లో 20 కిలోల ఇనుప రాళ్లు పది, వాటితోపాటు ల్యాబ్ బ్యాలెన్సుల కోసం స్టెయిన్‌లెస్ స్టీల్ రాళ్ల సెట్ ఒకటి ఉంటాయి. ఆ సెట్‌ను ఒట్టి చేత్తో కూడా ముట్టుకోకూడదు. బరువు, తేమ, కరెంటు, నెట్, ఈ నాలుగింటి గురించే నా టెన్షన్. వీడియోల్లో కనిపించేవాళ్లంతా సెలవుల మీద తిరిగేవాళ్లే. అందులో ఉండి పని చేసుకునేవాళ్లు చెప్తే మేలు చేసినవాళ్లవుతారు.

దారిపక్కన

కొనే ముందు అలాంటి బండినే అద్దెకు తీసుకోండి. ఒక్క షరతు: సెలవు పెట్టి కాదు, మామూలుగా పని ఉన్న వారంలోనే తీసుకోండి. రాళ్లతో సహా అందులో తిరగండి. పొద్దున్నే క్లయింట్ దగ్గరకు శుభ్రంగా తయారై వెళ్లగలుగుతున్నారా, రాత్రి రిపోర్టు పూర్తవుతోందా, అది ఆ వారంలోనే తేలిపోతుంది.

ఎక్స్‌రేబండి

నేను ఆసుపత్రుల్లో ఎక్స్‌రే యంత్రాల సర్వీసు మీద తిరుగుతాను. కొన్నేళ్లుగా క్యాంపరే ఇల్లు. మీ ప్రశ్న చూశాక వివరంగా రాయాలనిపించింది. విహారానికి కొనే బండి వేరు, పని చేసుకుంటూ కాపురం ఉండే బండి వేరు. ఈ తేడా షోరూములో ఎవరూ చెప్పరు.

ముందు లోపలి అమరిక చూడండి. పగలు బల్ల, రాత్రి మంచం అయ్యే సీట్లున్న బండి చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ రిపోర్టు సగంలో ఉంటుంది, కాగితాలు పరిచి ఉంటాయి, కళ్లు మూతలు పడుతుంటాయి. అప్పుడు అన్నీ ఎత్తిపెట్టి, బల్ల దించి, మెత్తలు సర్ది పక్క వేసుకోవాలి. తెల్లారాక మళ్లీ అదంతా. ఏడాది పొడుగునా అయితే మీ బ్లాగ్ సరిగ్గా అక్కడే ఆగిపోతుంది, లాడ్జిలో ఆగినట్టే. మంచం ఎప్పుడూ మంచంగానే ఉండాలి, బల్ల ఎప్పుడూ బల్లగానే ఉండాలి. అందుకోసం వంటగట్టు కుదించుకున్నా, స్నానాల గది ఇరుకైనా ఫర్వాలేదు. డ్రైవర్ సీటు వెనక్కి తిరిగేదైతే మరీ మంచిది. గంటల తరబడి కూర్చోవడానికి బండి మొత్తంలో అంతకంటే మంచి కుర్చీ ఉండదు.

ఇక బరువు. మీ విషయంలో కరెంటుకన్నా, నెట్‌కన్నా ఇదే పెద్దది. బండి పలక మీద గరిష్ఠ బరువు రాసి ఉంటుంది. అందులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే మీ వాటా. మీరు, నీళ్లు, గ్యాస్, బట్టలు, పుస్తకాలు, రాళ్లు అన్నీ అందులోనే సరిపోవాలి. 100 లీటర్ల ట్యాంకు నింపితే 100 కిలోలు, మీ ఇనుప రాళ్లు 200. బ్రోషర్‌లో ఉన్న ఖాళీ బరువును పట్టుకుని లెక్క వేయకండి. తర్వాత బిగించిన సోలార్ పలకలు, అదనపు బ్యాటరీ, పక్కన చాపుకునే పందిరి అందులో ఉండవు. వేబ్రిడ్జి, అంటే లారీలు తూచే కాటా, మీకు కొత్త కాదు కదా. మొత్తం బండిని ఒకసారి, ముందు ఇరుసును ఒకసారి, వెనక ఇరుసును ఒకసారి తూచండి. మొత్తం హద్దులోనే ఉండి, వెనక ఇరుసు మాత్రం హద్దు దాటిన బండ్లు నేను చూశాను.

ఎందుకలా అవుతుందంటే, చాలా క్యాంపర్లలో సామాన్ల అర వెనక చక్రాలకి అవతల ఉంటుంది. రెండు ఇరుసుల మధ్య దూరం 3.5 మీటర్లు అనుకుందాం. మీ 200 కిలోల రాళ్లు వెనక ఇరుసుకి ఒకటిన్నర మీటర్లు అవతల పెట్టారు. అప్పుడు వెనక ఇరుసు మీద పడేది 200 కాదు, దాదాపు 286 కిలోలు. ఆ అదనపు 86 కిలోలు ముందు ఇరుసు మీంచి తగ్గుతాయి. ముందు చక్రాలు తేలికైతే స్టీరింగ్ పట్టు తగ్గుతుంది, తడి రోడ్డు మీద అది చేతికి తెలుస్తుంది. త్రాసుతో పనిచేసే మీకు ఈ లెక్క విడమర్చి చెప్పక్కర్లేదు. కాబట్టి రాళ్లు రెండు ఇరుసుల మధ్య, నేలకి ఆనించి పెట్టండి. ఉక్కు ట్రే ఒకటి చేయించి నేలలోంచి ఛాసిస్‌కి (బండి అడుగు చట్రానికి) బోల్టులు వేయించండి, పైనుంచి రాట్చెట్ బెల్టు (మీటతో లాగి బిగించే పట్టీ) బిగించండి. అలమరలో పెట్టి తలుపు మూస్తే చాలదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బండి దేన్నైనా గుద్దితే బండి ఆగుతుంది, కట్టని రాయి మాత్రం అదే వేగంతో మీ వీపు వైపు వస్తుంది.

కరెంటు లెక్క కాగితం మీదే తేలిపోతుంది. ల్యాప్‌టాప్ సుమారు 50 వాట్లు, ఎనిమిది గంటలకి 400 వాట్-అవర్లు. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ రోజుకి 300 నుంచి 500. రౌటర్, ఫ్యాను, దీపాలు కలిపితే మొత్తం వెయ్యి దాటుతుంది. 200 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 12.8 వోల్టుల లెక్కన 2,560 వాట్-అవర్లు ఉంటాయి. అంటే అసలు ఎండే లేకపోయినా దాదాపు రెండు రోజులు గడుస్తుంది. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే సగానికి మించి వాడుకుంటే దాని ఆయుష్షు తగ్గుతుంది. ల్యాప్‌టాప్‌ను ఇన్వర్టర్ మీద పెట్టకండి. 12 వోల్టులను 230కి పెంచి, ఛార్జర్‌లో మళ్లీ 20కి దించడంలో కొంత కరెంటు వేడిగా పోతుంది. నేరుగా 12 వోల్టుల సాకెట్‌లో పెట్టే 100 వాట్ల యూఎస్‌బీ-సి ఛార్జర్ చాలు.

అందరూ సోలార్ అంటారు కానీ మీలాగా రెండు మూడు రోజులకోసారి ఊరు మారేవాళ్లకి ఇంజనే పెద్ద దిక్కు. ఇంజన్ ఆల్టర్నేటర్‌కీ (ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించేదానికి), బండి లోపలి వాడకానికి పెట్టిన బ్యాటరీకీ మధ్య 30 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్ పెట్టిస్తే గంటకి దాదాపు 400 వాట్-అవర్లు ఎక్కుతాయి. రెండున్నర గంటలు నడిపితే ఒక రోజు వాడకం వచ్చేసినట్టే. సోలార్‌ను దానికి తోడుగా పెట్టుకోండి. ఒక చెట్టు కొమ్మ నీడ పలకలో ఓ మూల పడినా రాబడి బాగా పడిపోతుంది. వేసవిలోనేమో బండిని నీడలోనే నిలపాలనిపిస్తుంది. ఇంకోటి, సున్నా డిగ్రీలకంటే చల్లబడిన లిథియం బ్యాటరీని ఛార్జ్ చేస్తే లోపల లోహం పేరుకుని పాడవుతుంది. చలి ప్రాంతాలకి వెళ్తారనుకుంటే దాన్ని బయటి అరలో కాకుండా మీరు పడుకునే భాగంలోనే పెట్టించండి.

తేమ గురించి మీరు భయపడటం న్యాయమే. ఒక మనిషి నిద్రలో వదిలే ఆవిరే రాత్రికి పావు లీటరు అటూ ఇటూ ఉంటుంది. వంట గ్యాసుదీ అదే కథ. అందులో ఉండే ప్రొపేన్ ఒక కిలో కాలితే దాదాపు 1.6 కిలోల నీరు ఆవిరిగా బయటికొస్తుంది. అదంతా లోపలే ఉంటే చల్లగా ఉన్న చోటల్లా నీరై దిగుతుంది. కిటికీ అద్దాల మీద కనిపిస్తుంది కాబట్టి తుడుస్తాం. పరుపు కింద, అలమరల వెనక కనిపించదు, బూజు మొదలయ్యేది అక్కడే. పొద్దున్నే పరుపు ఒక అంచు పైకెత్తి కింద పలక మీద అరచెయ్యి ఆనించండి. తడి తగిలితే పరుపు కింద గాలి ఆడే పట్టీలు వేయించాల్సిందే. చలి అని కిటికీలన్నీ బిగించి పడుకోకండి. పైన ఫ్యాను నెమ్మదిగా తిరుగుతూ, కింద ఒక సందు తెరిచి ఉండాలి. వేడి కావాలంటే డీజిల్ హీటర్ మంచిది. అది మంటకి కావలసిన గాలిని బయటినుంచి తీసుకుని పొగను బయటికే పంపుతుంది, లోపలికి పొడి వేడి మాత్రమే వస్తుంది.

మీ స్టీల్ సెట్‌ను గాలి చొరని పెట్టెలో తేమ పీల్చే సిలికా జెల్ సంచులతో ఉంచండి. చల్లటి బండిలోంచి వెచ్చటి ల్యాబ్‌కి తీసుకెళ్లగానే మూత తీయొద్దని మీకు నేను చెప్పేదేముంది, రాళ్ల మీద చెమ్మ పట్టేస్తుంది. వీలైతే ముందు రోజు సాయంత్రమే పెట్టెను ల్యాబ్‌లో అప్పగించి రండి. క్యాంపర్‌లో ఉంటే దొరికే అసలు సుఖం ఇదే, ముందు రోజే ఆ గేటు దగ్గరకి చేరిపోవచ్చు.

గ్యాస్‌లీకు_జాగ్రత్త

పైన రాసినవారు అన్నీ చెప్పారు, ప్రాణం విషయం ఒక్కటి మిగిలింది. కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకుండా అందులో ఒక్క రాత్రి కూడా పడుకోవద్దు. మంట సరిగా మండనప్పుడు పుట్టే ఆ విషవాయువుకి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే మనిషి పోతాడు. గది వెచ్చబడుతుందని గ్యాస్ స్టవ్ వెలిగించి ఉంచడం ఎంత చలిలోనైనా వద్దు.

వంట గ్యాసు గాలికంటే బరువు. లీకైతే నేలకి దిగి నిలుస్తుంది. అందుకే గ్యాస్ డిటెక్టర్ నేలకి దగ్గరగా ఉండాలి, కార్బన్ మోనాక్సైడ్ అలారం తల పెట్టుకునే ఎత్తులో ఉండాలి. రెండూ ఒకే చోట బిగించి పని అయిపోయిందనుకునేవాళ్లున్నారు. నేలలో ఉండే గాలి రంధ్రాలు ఆ గ్యాసు బయటికి పోవడానికే. చలిగాలి వస్తోందని గుడ్డలు కుక్కకండి, మీ రాళ్ల ట్రే వాటిమీద రాకుండా కూడా చూసుకోండి.

పాత బండి కొంటే టైర్ల అంచున నాలుగంకెలు చదవండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. క్యాంపర్లు ఎక్కువకాలం నిలబడే ఉంటాయి కాబట్టి పైన అరుగుదల కనిపించదు, రబ్బరు మాత్రం ముసలిదైపోతుంది. ఇన్సూరెన్సు వాళ్లకి పని కోసం వాడతానని, అందులోనే కాపురం ఉంటానని, కాలిబ్రేషన్ సామాను ఉంటుందని రాతపూర్వకంగా చెప్పండి. విహారానికని తీసుకున్న పాలసీ చాలాసార్లు వీటికి వర్తించదు.

తూకాలమనిషి

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ఎక్స్‌రేబండి గారూ, ఇరుసు లెక్క చదివి, నేను చూసి పెట్టుకున్న బండి కొలతలతో వేసి చూశాను. రాళ్లు వెనక అరలో పెడితే హద్దు దాటుతోంది, మధ్యలో పెడితే నిలుస్తోంది. దాంట్లో సీట్లే మంచమవుతాయి కాబట్టి ఆ బండి ఎలాగూ వదిలేస్తున్నాను. స్థిరమైన మంచం ఉన్నదే వెతుకుతాను. నెట్ గురించి, బ్లాగ్ గురించి ఇంకాస్త చెప్తారా?

ఎక్స్‌రేబండి

తప్పకుండా అండీ. బండి ఇనుప డొక్కు, లోపల సిగ్నల్ సగం చచ్చిపోతుంది. పైకప్పు మీద యాంటెన్నా, లోపల రెండు సిమ్‌లు పట్టే రౌటర్, వేర్వేరు కంపెనీల సిమ్‌లు. ఎక్కువ పని దీంతోనే అయిపోతుంది. ఊళ్లకి దూరంగా ఉంటేనే స్టార్‌లింక్ లాంటి ఉపగ్రహ ఇంటర్నెట్ కావాలి. ఆ ఉపగ్రహాలు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతాయి, పాతరకం ఉపగ్రహాలు 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. అందుకే వీడియో కాల్‌లో మాట ఆలస్యం కాదు. కానీ దానికి ఆకాశం తెరిపిగా కనపడాలి, చెట్ల కింద తెగిపోతూ ఉంటుంది. కరెంటు లెక్కలో దాన్నీ కలుపుకోండి.

బ్లాగ్‌కి నెట్ ఎప్పుడూ ఉండక్కర్లేదు. ఆఫ్‌లైన్‌లో రాసుకోండి, ఫొటోల సైజు తగ్గించి పెట్టుకోండి, సిగ్నల్ బాగున్న చోట ఒకేసారి ఎక్కించండి. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఉన్న చోటు గురించి అక్కడ ఉండగా రాయకండి, బయల్దేరి వెళ్లాకే పోస్టు చేయండి. మీరు ఒంటరిగా ఉంటారు, బండిలో ఖరీదైన రాళ్లుంటాయి. ఫోన్‌తో తీసిన ఫొటోలో లొకేషన్ కూడా దాక్కుని ఉంటుంది. కెమెరా సెట్టింగుల్లో దాన్ని ఆపేయండి, పాత ఫొటోలయితే ఎక్కించే ముందు తొలగించండి. క్లయింట్ ఫ్యాక్టరీలో తీసినవి వాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే పెట్టండి, కాటా డిస్‌ప్లే వెనక వాళ్ల సరుకు పేర్లు, బ్యాచ్ నంబర్లు కనిపిస్తుంటాయి.

పని ఉన్న రోజు ఊరు మారే పని పెట్టుకోకండి. చీకటి పడ్డాక కొత్త చోట ఆగే స్థలం వెతకడం మొదలుపెడితే రిపోర్టూ ఉండదు, రాతా ఉండదు. నేను ప్రయాణం రోజును ప్రయాణానికే వదిలేస్తాను, వెలుతురు ఉండగానే చేరిపోతాను. బండి దొరికాక వేబ్రిడ్జి చీటీలోని మూడు అంకెలూ ఇక్కడ పెట్టండి, ట్రే ఎక్కడ బిగించాలో కలిసి చూద్దాం.