పర్లాకిమిడి: గుంటడి (మా కుర్రాడి) ఆధార్ పాతపట్నం అడ్రసుకి మార్చేయమంటున్నారు, మార్చనా వద్దా?

పర్లా ఆటో

అందరికీ నమస్కారం. రాయడం నాకు పెద్దగా రాదు, ఫోన్లో మాట్లాడితే అదే టైపు చేసుకుంటోంది. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మాది పర్లాకిమిడి. ఇక్కణ్ణుంచి పాతపట్నం ఆటో తిప్పుతాను. రోజుకి ఆరేడు సార్లు ఒడిశా నుంచి ఆంధ్రా, ఆంధ్రా నుంచి ఒడిశా. మా పెద్దోడు ఒరియా మీడియంలో మెట్రిక్ పాసయ్యాడు, సైన్సు తీసుకుంటానన్నాడు, ప్లస్ టూలో (ఇంటర్ లాంటిదే) సీటు వచ్చింది. గవర్నమెంటుదే కాబట్టి అడ్మిషన్ ఫీజు పెద్ద లెక్క కాదు. అసలు ఖర్చంతా ఆ తర్వాతే. పుస్తకాలకి మూడు వేల రెండొందలు. లెక్కలు, ఫిజిక్స్ ట్యూషన్‌కి నెలకి పన్నెండొందలు. ప్రాక్టికల్ రికార్డులు, యూనిఫాం, సైకిలుకి కొత్త టైర్లు. ఆటోకి కిస్తీ కట్టగా ఇంటికి మిగిలేదేటో ఆటో నడిపేవాళ్ళకి చెప్పక్కర్లేదు.

వీడితో చదివిన కుర్రాడొకడు టెన్త్ తోనే ఒగ్గేసి సూరత్ మగ్గాలకి ఎల్లిపోయాడు. మొన్నొచ్చాడు, చేతిలో పెద్ద ఫోను. మా అరుగు మీదే కూర్చుని మా వాడికి చూపించాడు. మా వాడు ఆ ఫోను ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు. అది చూసినకాణ్ణుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టట్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. పాతపట్నంలో మా చెల్లెలుంది. ఇద్దరు పిల్లలు. తల్లికి వందనం అని దాని ఖాతాలో ఇరవై ఆరు వేలు పడ్డాయి. మెసేజి ఇంగ్లీషులో వస్తే నాచేతే చదివించుకుంది. మా బావ అంటున్నాడు, "గుంటడి ఆధార్ మా ఇంటి అడ్రసుకి మార్చేయ్, ఇంటర్‌లో ఇక్కడే చేర్పించు, మా పిల్లల్తో పాటు వీడికీ వస్తాది" అని. నాలుగు కిలోమీటర్ల దూరం, అటు పదమూడు వేలు, ఇటు ఏటీ లేదు. మాది ఇక్కడ ఎస్ఈబీసీ, అంటే ఒడిశాలో బీసీల్లాంటిది. రేషన్ కార్డు ఒడిశాదే. మా పాప ఎనిమిదో తరగతి.

మార్చేయనా? ఇటు వైపు ఇలాంటి పిల్లలకి ఏమైనా ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

గుణుపురం గుమస్తా

తమ్ముడూ, మార్చకు.

నేను స్కూలు ఆఫీసులో ముప్పై ఏళ్ళు ఫారాలు నింపి రిటైరయ్యాను. ఇలా రెండు పడవల మీద కాళ్ళు పెట్టి మధ్యలో పడ్డవాళ్ళని చాలామందిని చూశాను.

ముందు ఆ పదమూడు వేల లెక్క. తల్లికి వందనం పిల్లవాడికి పదిహేను వేలు, అందులో రెండు వేలు బడి బాగోగులకి పట్టుకుని పదమూడు తల్లి ఖాతాలో వేస్తారు. ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా ఇస్తారు. మీ బావ చెప్పిందాంట్లో అబద్ధం లేదు. కానీ అది "తల్లికి". మీ వాడి తల్లి రేషన్ కార్డు, ఓటు, ఇల్లు అన్నీ పర్లాకిమిడిలో ఉన్నాయి. అత్త ఇంట్లో పిల్లాడి పేరు ఎక్కించి, అత్త ఖాతాలోకి డబ్బు రప్పించుకుని, రేపు ఆవిడకీ మీ ఇంట్లోవాళ్ళకీ మాట పట్టింపు వస్తే? అలాంటివి నేను చూశాను.

అంతకన్నా పెద్ద చిక్కు ప్లస్ టూ అయ్యాక. ఆంధ్రాలో ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) సీటుకి లోకల్ కావాలంటే ఇంటర్ పరీక్ష రాసే ఏటికి వరసగా నాలుగేళ్ళు అక్కడ చదివి ఉండాలి. మీ వాడు మెట్రిక్ దాకా ఒడిశాలో చదివాడు. ఇంటర్ రెండేళ్ళతో ఆ నాలుగు ఎక్కణ్ణుంచి వస్తాయి? ఇటేమో ఆధార్ మార్చేశావు కాబట్టి తహసీల్‌లో రెసిడెంట్ సర్టిఫికెట్ అడిగినప్పుడు నువ్వే జవాబు చెప్పుకోవాలి. కుల ధ్రువీకరణ కూడా అంతే. జాబితా రాష్ట్రానిది. ఇక్కడి ఎస్ఈబీసీ కాగితం పట్టుకెళ్ళి అక్కడ బీసీ అంటే ఒప్పరు.

ఇక "ఇటు ఏటీ లేదు" అన్నావు, అది తప్పు. ఉంది. తక్కువే, పైగా ఆలస్యంగా వస్తుంది.

పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కి ఒడిశా స్టేట్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి. ఇంటి ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకూడదు. ఓబీసీ పిల్లలకి కేంద్రం వాళ్ళ యశస్వి స్కీము కింద పదకొండు, పన్నెండు తరగతులకి ఏడాదికి 5,000. కోర్సు పెద్దదయ్యేకొద్దీ పెరుగుతూ 20,000 దాకా వెళ్తుంది. అయితే ఓబీసీలకి నిధులు ఉన్నంతవరకే, అందుకే పోర్టల్ తెరిచిన వారంలోనే పెట్టెయ్, ఆఖరు తేదీ దాకా ఆగకు. ఎస్సీలైతే అదే తరగతులకి ఇంటి నుంచి వెళ్ళేవాళ్ళకి 2,500, హాస్టల్ వాళ్ళకి 4,000 అలవెన్సు. ఇది చదివే మిగతావాళ్ళ కోసం రాస్తున్నా.

డబ్బు జూలైలో వస్తుందనుకోకు. నా అనుభవంలో శీతాకాలం దాటాకే. మరి జూలై ఖర్చుకి ఏం చేస్తావంటే, మీ ఇంట్లో ఆవిడకి ఒడిశా గవర్నమెంటు సుభద్ర పథకం డబ్బు వస్తోందా? ఇరవై ఒకటి నుంచి అరవై ఏళ్ళ మధ్య ఆడవాళ్ళకి ఏడాదికి పదివేలు, రాఖీ పున్నమికి అయిదు, మార్చి 8కి అయిదు. రాఖీ పున్నమి వచ్చేది ప్లస్ టూ క్లాసులు మొదలయ్యే రోజుల్లోనే. అది పిల్లల చదువు కోసం ఇచ్చేది కాదు గానీ మా గుణుపురంలో సగం మంది తల్లులు దాంతోనే పుస్తకాలు కొంటున్నారు.

మీ పాప సంగతి మర్చిపోయేవాణ్ణి. ఎనిమిదో తరగతి అన్నావు. గవర్నమెంటు బడో ఎయిడెడ్ బడో అయితే ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష ఈ ఏడే రాయించు. వచ్చే ఏడు రాయనివ్వరు, ఎనిమిదిలోనే. ఆదాయం మూడున్నర లక్షల లోపు ఉండాలి. నెగ్గితే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి 12,000. నాలుగేళ్ళకి నలభై ఎనిమిది వేలు! టెన్త్‌లో అరవై శాతం రాకపోతే ప్లస్ టూలో ఆగిపోతుంది, అది పాపకి ఇప్పుడే చెప్పు. చాలా బళ్ళలో ఈ పరీక్ష ఉందని మాస్టార్లు పిల్లలకి చెప్పనే చెప్పరు, అడిగితే "మనవాళ్ళకి రాదులే" అంటారు. ఆ మాట మాత్రం వినకు.

రాయగడ కిరాణా

గుమస్తా గారూ, కోప్పడకండి. మా అన్నయ్య పిల్లని పార్వతీపురంలో వాళ్ళ అమ్మమ్మ ఇంట్లో పెట్టి అక్కడే చదివించారు. డబ్బు పడింది. అందరికీ చిక్కులు రావు.

గుణుపురం గుమస్తా

కోపం దేనికి బాబూ. ఏ తరగతి నుంచి అక్కడ ఉందో చెప్పు.

రాయగడ కిరాణా

మూడు.

గుణుపురం గుమస్తా

అదీ సంగతి. మూడు నుంచి అక్కడే ఉంటే ఆ పిల్ల అక్కడి పిల్లే.

చికిటి పిల్ల

బాబాయ్ గారూ, నేను బరంపురంలో నర్సింగ్ చదువుతున్నాను. దరఖాస్తు పెట్టే ముందు రెండు విషయాలు చూసుకోండి, నాకు వీటివల్లే ఏడాది డబ్బు పోయినంత పనయ్యింది.

ఒకటి ఖాతా. ఆధార్ బ్యాంకుకి లింకు అయి ఉండటం వేరు, సీడింగ్ అవ్వడం వేరు. స్కాలర్‌షిప్ ఆధార్ నంబరు మీద వస్తుంది, ఆఖరున ఏ ఖాతాకి సీడ్ అయ్యిందో దాంట్లోకే పోతుంది. మీరు ఫారంలో ఏ ఖాతా రాసినా సరే. నాకు ఆరో తరగతిలో బడివాళ్ళు ఒక ఖాతా తీయించారు. పుస్తకం ఎక్కడో పోయింది, ఎవరికీ గుర్తు లేదు. ప్లస్ టూలో కొత్త ఖాతా ఇచ్చాను. పోర్టల్‌లో "చెల్లించబడింది" అని కనిపిస్తోంది, నా ఖాతాలో రూపాయి లేదు. మూడు నెలలు తిరిగాక ఒక బ్యాంకులో గుమస్తా అక్క ఆధార్ నంబరు కొట్టి చూసి, "అమ్మా, నీ డబ్బు ఫలానా బ్రాంచిలో నిద్రపోతున్న ఖాతాలో ఉంది" అంది. అది లేపడానికి కేవైసీ, ఫోటోలు, మళ్ళీ తిరుగుడు. మైఆధార్ సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఉంటుంది, మీ వాడిది రేపే చూడండి. వేరే ఖాతా కనిపిస్తే కొత్త బ్యాంకులో సీడింగ్ ఫారం అడిగి సంతకం పెట్టండి. ఆధార్ జిరాక్సు ఇచ్చేసి వస్తే కాదు.

రెండోది పేరు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. ఇక్కడ మాస్టార్లు దాన్ని వెనక్కి తోసేస్తారు. నా మెట్రిక్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు చివర ఉంది, ఆధార్‌లో ముందు ఒక్క అక్షరమే ఉంది. మా నాన్న పేరులో రావు మూడు కాగితాల్లో మూడు రకాలు. ఇంగ్లీషులో ఒకచోట ఏ, ఓ, ఇంకోచోట ఓ, డబ్ల్యూ. వెరిఫికేషన్‌లో కాలేజీవాళ్ళు వెనక్కి పంపేశారు. మెట్రిక్ సర్టిఫికెట్‌ని మార్చడం కష్టం, ఆధార్‌నే దానికి తగ్గట్టు దిద్దించండి. ఆధార్ మార్చేదేమైనా ఉంటే అదీ, అడ్రసు కాదు.

కోరాపుట్ జాతాపు

ఎస్టీ పిల్లలున్నవాళ్ళు ఎవరైనా చూస్తుంటే: షహీద్ మాధో సింగ్ హాత్ ఖర్చ అని ఒకటి ఉంది. తొమ్మిదిలో చేరినప్పుడు, పదకొండులో చేరినప్పుడు 5,000. పిల్లలు ఎక్కువగా మానేసేది ఆ రెండు చోట్లే కాబట్టి అలా పెట్టారు. పోస్ట్ మెట్రిక్ వేరే, ఇది వేరే. మా మేనల్లుడికి వచ్చింది, చెప్పులు, జామెట్రీ బాక్సు కొని మిగతాది వాళ్ళమ్మకి ఇచ్చాడు.

పర్లా ఆటో

అందరికీ దండాలు. రెండ్రోజులు ట్రిప్పుల్లో ఉండి చూళ్ళేదు.

మార్చట్లేదు. బావకి చెప్పాను. "నీ ఇష్టం, తర్వాత నన్ననకు" అన్నాడు. చెల్లెలు మాత్రం ఏమీ అనలేదు, వీడి పుస్తకాలకని వెయ్యి రూపాయలు ఆటో డాష్‌బోర్డు మీద పెట్టి ఎల్లిపోయింది.

చికిటి పాపా, నువ్వు చెప్పినట్టే నెట్ సెంటర్లో చూపించాను. మా వాడి ఆధార్ నిజంగానే పాత ఖాతాకి ఉంది. అయిదో తరగతిలో తీసిందట! మా ఆవిడకి గుర్తుంది, నాకు లేదు. కొత్త ఖాతాకి సీడింగ్ ఫారం ఇచ్చాం, బేగి అయిపోతాదన్నారు. పాప బడిలో ఎన్ఎంఎంఎస్ అడిగాను. హెడ్‌మాస్టరు గారు "ఈమధ్య ఎవరూ అడగలేదండీ" అని పేరు రాసుకున్నారు. సుభద్ర డబ్బు మా ఆవిడ ఎప్పుడో మేకల్లో పెట్టిందట, ఈ సంగతి కూడా ఇప్పుడే తెలిసింది. ఒక మేకని అమ్మడానికి ఒప్పుకుంది.

ఆదాయం సర్టిఫికెట్ కోసం ఈవేళ ఆర్ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) ఆఫీసుకి ఎళ్తే సర్వరు లేదన్నారు. రేపు రమ్మన్నారు. మా వాడూ వచ్చాడు. ఆటో వెనక సీట్లో కూర్చుని ఫారం నింపుతూ తండ్రి పేరు దగ్గర పెన్ను ఆపేసి, "నాన్నా, నీ రావు ఎలా రాయాలి?" అనడిగాడు. మెట్రిక్ సర్టిఫికెట్ తీసి చూడమన్నాను.